13 ఎం.ఎం. డ్రిల్ మిషన్: మూడు రకాల గోడల మీద వాడాక

గోడకు నాలుగు బెజ్జాలు వేయించుకోవాలంటే ఎంత తతంగమో ఇల్లున్న వాళ్లందరికీ తెలుసు. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే "సాయంత్రం వస్తానండీ" అంటాడు, ఏ రోజు సాయంత్రమో చెప్పడు. కార్పెంటర్ ఇంకా నయం, "అంత చిన్న పనికి మనిషిని పంపలేనమ్మా" అని ముందే తేల్చేస్తాడు. కర్టెన్ రాడ్డు నెలల తరబడి మంచం కిందే పడి ఉంటుంది. అందుకే మిషనే కొనేశాను.

600 వాట్లు, 13 ఎం.ఎం. చక్ (బిట్‌ను పట్టి ఉంచే నోరు), తిరుగుతూనే దెబ్బలు కూడా కొట్టే హామర్ మోడ్, రివర్స్. దీన్నే ఇంపాక్ట్ డ్రిల్ అంటారు. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో, ఈ వాటేజీలో దొరికేవన్నీ లోపల ఒకే పద్ధతిలో పనిచేస్తాయి, పైన ప్లాస్టిక్ రంగు తేడా అంతే. నేను చెప్పే మంచీ చెడూ ఈ రకం మిషన్లు అన్నింటికీ చాలావరకు వర్తిస్తాయి.

నేను బ్యాంకు ఉద్యోగిని. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు ఇవ్వడం 2015 సెప్టెంబర్‌లో మొదలైంది, నా ఈ సరదా అంతా ఆ శనివారాల పుణ్యమే. ఆదివారం మిషన్ బయటికి తీయను. మాది విజయవాడ సత్యనారాయణపురంలో పాత ఇల్లు, పక్కింటికీ మాకూ మధ్య సందు తప్ప ఏమీ లేదు. ఆదివారం భోజనాల తర్వాత ఈ చప్పుడు మొదలుపెడితే పక్కింటి పిన్నిగారు వారం రోజులు మాట్లాడరు. శనివారం పొద్దున పది నుంచి ఒంటిగంట లోపు ముగించాలి, అదీ మా ఒప్పందం.

వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ కొట్లో బేరమాడి రూ.2,800కి తీసుకున్నాను. కిట్ అన్నమాట. ప్లాస్టిక్ సూట్‌కేసులో మిషన్‌తో పాటు సుత్తి, టేపు, స్క్రూడ్రైవర్ ముక్కలు, స్క్రూ పట్టు కోసం గోడ బెజ్జంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గులు, స్క్రూలు, గోడ బిట్లు, ఇనప బిట్లు, చెక్క బిట్లు (బెజ్జం వేసే పుల్లలు, దేనికి వాడితే దాని పేరు) అన్నీ ఉంటాయి. చూస్తే కళ్లు చెదురుతాయి. కానీ ఆ సుత్తితో కొబ్బరికాయ కూడా పగలదు. టేపు లాగితే మళ్లీ లోపలికి పోనంటుంది. సూట్‌కేసు మాత్రం బాగుంది, అటక మీద పెట్టుకోవడానికి పనికొస్తుంది.

అసలు సంగతి బిట్లది. కిట్‌లో వచ్చిన గోడ బిట్లు మొదటి గది పూర్తవకముందే మొండివైపోయాయి. మిషన్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, బెజ్జం మాత్రం లోతు పెరగదు. ముగ్గుపిండి కన్నా మెత్తగా పొడి రాలుతుంది, కాలిన వాసన వస్తుంది, బయటికి తీసి చూస్తే బిట్ కొన నీలంగా మారి ఉంటుంది. చాలామంది ఇక్కడే మిషన్‌లో బలం లేదనుకుని తిరిగి ఇచ్చేస్తారు. నేను అదే కొట్టుకెళ్లి 6 ఎం.ఎం., 8 ఎం.ఎం. గోడ బిట్లు మంచివి విడిగా తెచ్చుకున్నాను. రెండూ కలిపి కూడా రెండు వందలు కాలేదు. అదే మిషను, అదే గోడ. బిట్ మార్చగానే పని సాఫీగా సాగింది. కొట్టు ఆయన అన్న మాట నాకు బాగా నచ్చింది: "మిషన్ అందరూ తిప్పి తిప్పి చూసి కొంటారు మేడమ్, బిట్ ఎవరూ చూడరు."

చూడాల్సింది కొన దగ్గర. గోడ బిట్ కొసన టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క ఒకటి అతికించి ఉంటుంది, అది మిగతా కాడ కన్నా కాస్త వెడల్పుగా బయటికి కనిపిస్తుంది. ఆ ముక్క కొంచెం వంకరగా ఉన్నా, అతుకు దగ్గర ఖాళీ కనపడినా వద్దని పక్కన పెట్టేయండి. చెక్క బిట్‌కి మధ్యలో సూదిమొన, దానికి రెండు పక్కలా పదునైన అంచులు. ఇనప బిట్ కొస దాకా ఒకే మందం. ఇనప బిట్‌ని గోడలో పెట్టారంటే దాని పని అయిపోయినట్లే, మళ్లీ సాన పట్టించుకోవాల్సిందే. గోడ బిట్ పెట్టి చెక్కలో తోస్తే చెక్కను కోయదు, కాల్చుతుంది.

ఇక గోడలు.

మాది ఎర్ర ఇటుక గోడ, ఎనభైల్లో కట్టిన ఇల్లు. ఈ మిషన్ పుట్టిందే ఇలాంటి గోడ కోసం అనిపిస్తుంది. ముందు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, మేకు మొనతో చిన్న గుంట చేసుకుంటాను. లేకపోతే బిట్ జారిపోయి పెయింటు మీద గీతలు పడతాయి. మొదట హామర్ ఆపేసి నెమ్మదిగా తిప్పాలి. ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంత వేగం, కాబట్టి వేలితోనే అదుపు చేసుకోవచ్చు. గిలాబా పైపొర దాటాక హామర్ వేసుకోవాలి. మొదటి నుంచే హామర్ వేస్తే పెచ్చులు లేచి, 6 ఎం.ఎం. బెజ్జం చుట్టూ అర్ధరూపాయంత గుంట మిగులుతుంది.

రాలే పొడిని గమనించడం నాకు చాలా ఇష్టం. ముందు తెల్లగా రాలుతుంది, అది పుట్టీ. తర్వాత బూడిదరంగు, సిమెంటు గిలాబా. ఆ తర్వాత ఎరుపు. ఎర్రపొడి కనపడిందంటే ఇటుక తగిలిందన్నమాట, ప్లగ్గుకి అక్కడే పట్టు. లోపలి గోడకు గిలాబా మందం మామూలుగా 12 నుంచి 15 ఎం.ఎం. ఉంటుంది, ప్లగ్గు దాన్ని దాటి ఇటుకలోకి దిగాలి. ప్లగ్గు పొడవు కన్నా ఇంకో పది ఎం.ఎం. ఎక్కువ లోతు వేస్తే లోపల మిగిలిన పొడికి కూడా చోటుంటుంది. మిషన్‌తో పాటు వచ్చే లోతు కొలిచే కడ్డీని చాలామంది డబ్బాలోనే వదిలేస్తారు. దాన్ని పక్క హ్యాండిల్‌కి బిగించుకుంటే ప్రతిసారీ కొలవక్కర్లేదు. బిట్ ఒక్కసారిగా జర్రున లోపలికి పోయిందంటే ఇటుకలో కాకుండా రెండు ఇటుకల మధ్య సందులో పడిందని అర్థం. అక్కడ ప్లగ్గు నిలవదు. ఆ బెజ్జాన్ని వైట్ సిమెంట్‌తో పూడ్చేసి, కాస్త పైకో కిందికో జరిగి ఇంకోటి వేసుకోవాలి.

ఈ ప్లాస్టిక్ ప్లగ్గుల మీద నాకు గౌరవం ఎక్కువ. స్క్రూ లోపలికి వెళ్తున్నకొద్దీ ప్లగ్గు పొట్ట ఉబ్బి గోడను ఒత్తుకుంటుంది, అంతే దాని కిటుకు. ఇప్పుడు మనం వాడే నైలాన్ ప్లగ్గును 1958లో ఆర్టర్ ఫిషర్ అనే జర్మన్ తయారు చేశాడు. మన ఇళ్లలో అంతకుముందు చెక్కముక్కను సన్నగా చెక్కి గోడలో దిగ్గొట్టి, దానికి మేకు కొట్టేవాళ్లు. మా పుట్టింట్లో తాతల నాటి పటాలు ఇప్పటికీ ఆ చెక్క బిరడాలకే వేలాడుతున్నాయి, ఒక్కటీ కదల్లేదు.

నేను వేసుకున్న వాటిలో అన్నిటికన్నా ముచ్చటైనది హాల్లో కొండపల్లి బొమ్మల అర. దశావతారాలు వరసగా, చివర అంబారీ ఏనుగు. తెల్లపొణికి చెక్క బొమ్మలు కాబట్టి బరువే ఉండదు, 6 ఎం.ఎం. ప్లగ్గులు ధారాళంగా సరిపోయాయి. ఆవకాయ జాడీలు పెట్టే వంటింటి అరకు మాత్రం 8 ఎం.ఎం. వేశాను. అర వేసే ముందు రసమట్టం పెట్టి చూసుకోవాలి. పాత ఇళ్లలో దర్వాజా, కిటికీ, కప్పు దేనికది ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, కంటితో చూసి సరిగ్గా ఉందనుకుంటే తర్వాత బొమ్మలన్నీ ఒక మూలకు చేరతాయి. తాపీమేస్త్రీల దగ్గర ఉండే రసమట్టం చిన్న సైజుది వంద, నూటయాభైకి వస్తుంది. కిట్‌లో పనికిరాని సుత్తి బదులు ఇది ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది!

మా ఇంటి గోడ మీద ఈ మిషన్‌కి 5కి 4 ఇస్తాను.

గుంటూరులో మా తోడికోడలు వాళ్లు కొత్త ఫ్లాట్ కొన్నారు. గృహప్రవేశం అయిన మర్నాటి నుంచే "మిషన్ పట్టుకురా" అని ఫోన్లు. అక్కడ గోడలు ఏఏసీ దిమ్మెలవి. ఇటుక కన్నా చాలా తేలిక, లోపలంతా గాలి బుడగలు, గోరుతో గీకినా పొడి రాలుతుంది. ఇక్కడ బెజ్జం వేయడం చిటికెలో పని. అసలు చిక్కంతా అందులోనే ఉంది. హామర్ మోడ్‌లో వేస్తే బెజ్జం సైజు దాటి పెద్దదైపోతుంది, ప్లగ్గు అందులో గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. హామర్ ఆపేసి, మామూలుగా తిప్పుతూ, నిదానంగా వేయాలి. ప్లగ్గులు కూడా మామూలువి వద్దు. ఏఏసీ కోసమని అడిగితే పొడవుగా, ఒంటి నిండా రెక్కలున్న నైలాన్ ప్లగ్గులు ఇస్తారు. ధర ఎక్కువే, కానీ తప్పదు.

కర్టెన్లు, గడియారం, ఫొటోలు, తాళాల స్టాండు అన్నీ బిగించేశాం. తను గీజర్ కూడా బిగించెయ్యమంది. నేను ఒప్పుకోలేదు. 25 లీటర్ల గీజర్‌లో నీళ్లే 25 కిలోలు, ఆపైన దాని సొంత బరువు. ఏఏసీ గోడకు అంత బరువు పెట్టాలంటే గోడ అవతలి దాకా బెజ్జం వేసి, రెండు పక్కలా వాషర్లు పెట్టి బోల్టు బిగించడం మంచిది. అది ప్లంబర్ పని, కింద నిలబడి స్నానం చేసే మనుషులు ఉంటారు కదా. తను కాస్త నొచ్చుకుంది, పర్వాలేదు. ఈ గోడ మీద 5కి 3. మార్కులు తగ్గించింది మిషన్‌లో లోపం ఉందని కాదు, దీనికి ఇంత మిషన్ అక్కర్లేదని. చిన్న బ్యాటరీ డ్రిల్ ఉన్నా చాలు.

మూడో గోడ తెల్లాపూర్‌లో, మా తమ్ముడి ఫ్లాట్. పెద్ద టవర్. హైదరాబాద్‌లో ఇప్పుడు చాలా టవర్లు మైవాన్ పద్ధతిలో కడుతున్నారు. అల్యూమినియం షట్టరింగ్ బిగించి గోడలూ స్లాబూ కలిపి కాంక్రీటు పోసేస్తారు. అంటే ఇంట్లో ఇటుకన్నదే ఉండదు, ఏ గోడ చూసినా లోపల ఇనుమున్న గట్టి కాంక్రీటే.

వాడు అద్దం బిగించమన్నాడు. గుర్తు పెట్టుకుని, కొత్త బిట్ వేసుకుని మొదలుపెట్టాను. అర అంగుళం దాకా వెళ్లింది, అక్కడ ఆగిపోయింది. భుజం ఆనించి తోసినా లాభం లేదు. చప్పుడు మాత్రం పైన రెండు అంతస్తులకూ కింద రెండు అంతస్తులకూ వినపడింది, కాంక్రీటులో మోత అలాగే పాకుతుంది. సెక్యూరిటీ ఫోన్ చేసి ఎవరింట్లో పని జరుగుతోందని అడిగాడు. మా తమ్ముడు తలుపు దగ్గర నిలబడి "అక్కా, నీ మిషన్ పాటలు పాడటానికేనా?" అన్నాడు.

ఇది మిషన్ తప్పు కాదు, దాని పద్ధతే అంత. ఇంపాక్ట్ డ్రిల్ లోపల పళ్లున్న బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి తిరుగుతూ టకటకా ఎగిరి పడతాయి. నిమిషానికి నలభై వేల పైచిలుకు దెబ్బలు పడతాయి కానీ ఒక్కో దెబ్బలో పస తక్కువ, మిగతా బలం మన భుజం నుంచే రావాలి. కాంక్రీటుకు కావలసింది రోటరీ హామర్. అందులో పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి ఒత్తిడికి లోపలి సుత్తి వచ్చి బిట్ వెనక కొడుతుంది. దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే, కానీ చిన్న మిషన్లలో కూడా ఒక్కో దెబ్బలో రెండు మూడు జౌల్స్ శక్తి ఉంటుంది. దాని బిట్లు వేరు. కాడకు గాడులు ఉంటాయి, తాళం చెవి అవసరం లేకుండా తోస్తే టక్కున కూర్చుంటుంది. ఎస్.డి.ఎస్. అంటారు. మన చక్‌లో ఆ బిట్లు పట్టవు, అందులో మన బిట్లు పట్టవు.

అక్కడికి దగ్గర్లోనే మిషన్లు అద్దెకిచ్చే కొట్టు ఉంది. రోజుకి నాలుగు వందలు, పైన డిపాజిట్. రోటరీ హామర్ తెచ్చి పెట్టగానే అద్దానికీ, పూజగది తలుపు గంటలకూ, బాల్కనీలో బట్టలారేసే స్టాండుకూ అన్నిటికీ బెజ్జాలు ఒక్క పూటలో అయిపోయాయి. దాన్ని గట్టిగా తోయక్కర్లేదు, నిలకడగా పట్టుకుంటే చాలు. బరువు మాత్రం మూడు కిలోల దాకా ఉంటుంది, తల పైకెత్తి పనిచేస్తే మెడ పట్టేస్తుంది. ఒకచోట ఇనప కడ్డీ తగిలింది. అలా తగిలితే మొండిగా తోయకుండా జరిగి వేరేచోట వేసుకోవాలి. మైవాన్ గోడ మీద నా మిషన్‌కి 5కి 1. అలాంటి ఫ్లాట్లో ఉండేవాళ్లు ఇది కొనకండి, ఏడాదికి ఒకసారి పడే పనికి రోటరీ హామర్ అద్దెకు తెచ్చుకోవడమే లాభం.

చెక్క పని గురించి తొందరగా చెప్పేస్తాను. బెజ్జాలకు బాగుంది, స్క్రూలు బిగించడానికి బాగాలేదు. దీని వేగం నిమిషానికి రెండున్నర వేల చుట్లు దాటుతుంది, స్క్రూ బిగుసుకున్నాక ఆగే క్లచ్ దీనికి లేదు. ట్రిగ్గర్ మీద వేలు ఏమాత్రం ఎక్కువ పడినా స్క్రూ తల గాడి అరిగిపోతుంది. సన్న బెజ్జం మిషన్‌తో వేసుకుని, స్క్రూ చేత్తో బిగించుకుంటాను. మెట్ల కింద చెప్పుల అర 19 ఎం.ఎం. ప్లైవుడ్‌తో అలాగే చేశాను. ప్లైవుడ్ కొనేటప్పుడు దాని మీద ముద్ర చూడండి: ఐఎస్ 303 అంటే మామూలు వాడకానికి, ఐఎస్ 710 అంటే నీళ్లకు తట్టుకునే మెరైన్ రకం. సింకు కింద వేసేదైతే రెండోదే.

చిరాకు పెట్టేవి కొన్ని ఉన్నాయి. వైరు రెండు మీటర్లే, ఎక్స్‌టెన్షన్ బాక్సు లేకుండా ఏ పనీ జరగదు. మామూలు చిన్న సాకెట్‌కే నడుస్తుంది, 600 వాట్లంటే మూడు ఆంపియర్ల లోపే కాబట్టి పవర్ ప్లగ్ పాయింట్ వెతుక్కోనక్కర్లేదు. చక్ తాళం చెవి ఎప్పుడు కావాలన్నా కనపడదు. ఇప్పుడు దాన్ని పురికొసతో వైరుకు, ప్లగ్ దగ్గర కట్టేశాను. తాళం తిప్పాలంటే ప్లగ్ పీకి చేతిలోకి తీసుకోవాల్సిందే, కాబట్టి బిట్ మార్చేటప్పుడు కరెంటు ఉండే ప్రసక్తే లేదు.

సర్వీసు సంగతి అడక్కండి. కొన్నాళ్లకు మిషన్ వెనక సందుల్లోంచి మెరుపులు ఎక్కువయ్యాయి, మధ్యమధ్యలో ఆగుతోంది. మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగితే అలాగే అవుతుంది, ఈ రకం మోటార్లు అన్నిటికీ మామూలే. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే "స్టాక్ లేదు, వచ్చే వారం రండి" అన్నారు, ఆ వచ్చే వారం ఎప్పటికీ రాలేదు. చివరికి మోటార్ వైండింగ్ చేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్తే, నేను టీ తాగి వచ్చేలోపు కొత్త బ్రష్‌లు వేసి ఇచ్చేశాడు. బ్రష్‌ల ఖరీదు, వాడి కూలి కలిపి నూటయాభై రూపాయలు. మీరు కొనేటప్పుడే ఒక జత బ్రష్‌లు అడిగి తీసి పెట్టుకోండి.

కరెంటు విషయంలో మాత్రం నేను చాలా చాదస్తంగా ఉంటాను. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా బెజ్జం వేయను, లోపల పైపులో వైర్లు ఆ దారినే వెళ్తాయి. వంటింట్లో, బాత్రూమ్‌లో కుళాయికి తిన్నగా పైనా అంతే. అనుమానం ఉంటే రెండు జానలు పక్కకు జరుగుతాను. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. చేతి తొడుగులు వేసుకోను, తిరిగే బిట్‌కు గుడ్డ చుట్టుకుంటే చేయి కూడా లాగేస్తుంది. చున్నీ తీసి పక్కన పడేయాలి, జడ ముడి వేసుకోవాలి. టైల్స్ మీద హామర్ అసలు వద్దు. మాస్కింగ్ టేపు అడ్డంగా నిలువుగా అతికించి, టైల్స్ బిట్‌తో, మధ్యమధ్యలో నీళ్లు చల్లుకుంటూ మెల్లగా వేయాలి.

దుమ్ముకు మా ఆయన ఉన్నారు. పాత క్యాలెండర్ కాగితాన్ని దోనెగా మడిచి బెజ్జం కింద టేపుతో అతికిస్తే పొడంతా అందులోనే పడుతుంది. ఆయన మాత్రం కాగితం చాలదని వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం పట్టుకుని పక్కనే నిలబడతారు. గొట్టం పట్టుకోవడం ఇష్టమో, సలహాలివ్వడం ఇష్టమో ఇంతవరకు తేలలేదు.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు ఇది దండగ. ఓనర్ ఒప్పుకోడు, ఒప్పుకున్నా ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోస్తాడు. సొంత ఇల్లు, ఇటుక గోడ, నెలలో ఒకట్రెండు ఖాళీ శనివారాలు ఉన్నవాళ్లు తప్పకుండా తీసుకోవచ్చు. కిట్ కాకుండా మిషన్ ఒక్కటే అడగండి, ఐదారు వందలు తగ్గుతుంది. ఆ డబ్బుతో 6, 8 ఎం.ఎం. గోడ బిట్లు రెండేసి, రసమట్టం, మంచి ప్లగ్గుల ప్యాకెట్ ఒకటి కొనుక్కోండి.

ఇది మా ఇంట్లో ఉందని వీధిలో అందరికీ తెలిసిపోయింది. అడిగిన వాళ్లకు మిషన్ ఇస్తాను, ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా ఇస్తాను. బిట్లు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.